ఆదివారం డ్యూటీ పడినవాళ్ల కోసం

శాంటా క్లారా నుంచి రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగు, బ్రేకులో నిదానంగా చదవండి.

ఈమధ్య మనోళ్లతో ఎవరితో మాట్లాడినా ఒకటే మాట. "ఆదివారం కూడా పని పడుతోంది అన్నా, మందిరానికి పోయి నెలలైంది, దేవుడికి దూరమైపోయాననిపిస్తోంది" అని. గల్ఫ్‌లో ఉన్నోళ్లకు శుక్రవారం ఆరాధన ఉంటది, అదీ సగంమందికి కుదరదు. దీనికి తోడు సాక్ష్యాలు. వీసా వచ్చినాయన మైకు పట్టుకుని దేవుడు నాకు తోడున్నాడు అంటాడు. సంతోషం. మరి లాటరీలో పేరు రానోడికి, క్యాంపు గదిలో ఆరుగురి మధ్య పడుకునేవాడికి తోడు లేనట్టేనా?

నేను పదో తరగతి చదివినోణ్ణి, పాస్టర్ని కాదు. కానీ నాకు అర్థమైంది చెప్తా. దేవుడు ఉన్నాడో లేదో తెలిసేది మన చేతికింద పనిచేసే మనిషి దగ్గర. రోజుకు పది గంటలు మనం ఉండేది సైట్లో. అక్కడ ఆయన్ని చూడలేనోడు ఆదివారం రెండు గంటల్లో మాత్రం ఏం చూస్తాడు?

మా ఊరి పేరే ఇక్కడి పాత గుడి నుంచి వచ్చింది. 1777లో స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ పాదిరులు పెట్టిన మిషన్ అది. ఇప్పుడు కనపడే గుడి 1926లో కాలిపోయాక 1928లో తిరిగి కట్టింది. పాత రోజుల్లో ఆ మట్టి ఇటుకలు మోసింది ఓలోనీ అనే ఇక్కడి జనం. బాప్తిస్మం తీసుకున్నాక వాళ్లు అడక్కుండా మిషన్ దాటి పోవడానికి లేదు. పారిపోయినోళ్లను సిపాయిలతో పట్టి తెప్పించేవాళ్లు, కొరడా దెబ్బలు కొట్టేవాళ్లు. జబ్బులతో చాలామంది అక్కడే పోయారు. గంట మోగింది, ప్రార్థన జరిగింది. కూలీకి మాత్రం స్వేచ్ఛ లేదు.

ఇంకోటి మన ఒంగోలు దగ్గర జరిగింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. అప్పుడు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోల్లో ఉన్నాడు. కుర్రతనంలో సర్వే పని చేసినోడు, కొలతలు తెలుసు. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు ఆయనే తీసుకున్నాడు, ఆకలితో ఉన్న జనానికి పని దొరకాలని. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. తవ్వేవాళ్లు కాసేపు కూర్చున్నప్పుడు వాళ్ల పక్కన కూర్చుని దేవుడి మాట చెప్పేవాళ్లు. మాదిగపల్లెల నుంచి వచ్చినోళ్లే ఎక్కువ. పక్కన కూర్చుని మాట్లాడే మేస్త్రీని వాళ్లు అంతకుముందు ఎన్నడైనా చూశారా?

నాకు నచ్చింది ఇంకో సంగతి. కరువు పని, సాయం నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం మతంలోకి రావద్దు అని. పని అయిపోయాక జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు కూలీ, తర్వాత మాట. రెండిటికీ లంకె పెట్టలేదు. శాంటా క్లారా మిషన్‌కీ ఒంగోలు కాలవకీ తేడా అదే.

ఇప్పుడు మన సంగతి. కాలిఫోర్నియాలో 2005 నుంచి ఎండ రూలు ఉంది. బయట పనిలో 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే నీడ ఏర్పాటు ఉండాలి, మనిషికి గంటకు దాదాపు లీటరు మంచినీళ్లు ఉండాలి. తల తిరుగుతోందని ఎవరన్నా అడిగితే కనీసం ఐదు నిమిషాలు నీడలో కూర్చోనివ్వాలి. రూలు కాగితం మీద ఉంటది. కానీ కొత్తగా వచ్చిన కుర్రాడు అడగడు. పని పోతదేమోనని భయం, ఇంగ్లీషు రాదు. వాడి మొహం చూసి "తమ్ముడూ, పోయి నీడలో కూర్చో, నీళ్లు తాగు" అనడానికి రూలు చాలదు. మనసులో దేవుడి భయం ఉండాలి. మత్తయి 25వ అధ్యాయం తీసి చూడండి. ఆకలిగొన్నోడు, దాహమైనోడు, పరదేశి, అందరూ ఆ లెక్కలో ఉన్నారు. పరదేశులమంటే మనమే కదా.

గంటల షీటు రాసేటప్పుడూ అంతే. వాడు పది గంటలు చేస్తే పది రాయాలి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం కూలీ బిగబట్టే యజమానుల మీదే. పొద్దున సైట్లో అందరితో ప్రార్థన చేయించి సాయంత్రం అరగంట కోసేవాళ్లున్నారు. ఆ ప్రార్థన పైకి పోతదని నేను నమ్మను.

అయితే మందిరం అక్కర్లేదా అని అడుగుతారు. అక్కరే. సెలవు దొరికితే పోండి, పాట పాడండి, నలుగురిని కలవండి. ఒంటరి మనిషి దూరదేశంలో తొందరగా చెడిపోతాడు. కానీ పోలేని వారం దేవుడు మీ హాజరు కొట్టేశాడని కుంగిపోవద్దు. యేసు ప్రభువు వడ్రంగి పని చేసినోడు, పౌలు గుడారాలు కుట్టినోడు. పనోడి సంగతి ఆయనకు తెలుసు.

మేస్త్రీలుగా, ఫోర్‌మన్లుగా ఉన్న మనోళ్లకు ఒక్క విన్నపం. రేపు పనిలోకి దిగేముందు గ్యాంగులో అందరికంటే కొత్తవాడు ఎవరో చూసుకోండి. తిన్నాడా, నీళ్లున్నాయా, నిన్నటి గంటలు సరిగ్గా పడ్డాయా అడగండి. దేవుడి సన్నిధి ఎక్కడ అని వెతికేవాళ్లు అక్కడినుంచి మొదలుపెట్టండి.

మీ సైట్లో ఎలా ఉందో కింద రాయండి. అందరూ జాగ్రత్త.