ప్రార్థన తర్వాతి సోమవారం

తాగుడు మానిపించిన దేవుడి గురించి మన సువార్త సభల్లో సాక్ష్యాలు తరచూ వినిపిస్తాయి. ఫలానా రాత్రి ప్రార్థన జరిగింది, తెల్లారేసరికి సీసా మీద మోజు పోయింది అంటారు. వాటిని అబద్ధాలని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ మర్నాడు ఏమైంది, జీతం చేతికందిన సాయంత్రం ఏమైందన్నది అక్కడ ఎవరూ అడగరు. విశ్వాసానికి అసలు పరీక్ష ఆ రోజుల్లోనే. పదహారేళ్లకే బీరు కొనుక్కునే హక్కు చట్టం ఇచ్చిన జర్మనీలో క్రైస్తవులు దాదాపు నూట నలభై ఏళ్లుగా దృష్టి పెట్టింది వాటి మీదే.

లూయీ లూసియెన్ రోషా అనే పాస్టర్ 1877లో జెనీవాలో, తాగుడుకు బానిసైనవారిని ఆదుకునే నీలి శిలువ సంఘాన్ని స్థాపించారు. 1885లో అది జర్మనీలోని హాగెన్‌కు చేరింది. తాగుడుకు బానిసై, విశ్వాసంతో బయటపడిన ప్రష్యా సైన్యాధికారి కర్ట్ ఫాన్ క్నోబెల్స్‌డార్ఫ్ శేషజీవితాన్ని ఈ పనికే ఇచ్చారు. కాథలిక్కులు 1896లో ఆహెన్‌లో తమ సొంత సంఘం పెట్టుకున్నారు. రోషా పద్ధతిలో నాకు నచ్చింది, ఆయన జీవితాంతం తాగనని ఒట్టు వేయించకపోవడం. దేవుని సహాయంతో ఇంత కాలం ముట్టనని సంతకం చేయాలి, గడువు తీరాక మళ్లీ చేయాలి. అయ్యప్ప మాలతో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివారిని చూసిన మనకు ఈ కిటుకు కొత్త కాదు. కాకపోతే మాల తీసిన మర్నాడు మనవాడికి తోడుండేవారు అరుదు. నీలి శిలువలో తాగుడుకు బానిస కానివారు కూడా తోడుగా మానేసి, అతనితోపాటు కూర్చుంటారు.

తాగుడు జబ్బయితే చర్చికేం పని అన్న అభ్యంతరం న్యాయమైనదే. అది జబ్బేనని జర్మనీ సమాఖ్య సామాజిక న్యాయస్థానం 1968లోనే తేల్చింది, కాబట్టి చికిత్స ఖర్చు బీమా భరించాల్సి వచ్చింది. క్రైస్తవ సంఘాలు ఆ తీర్పుతో పోట్లాడలేదు, శిక్షణ పొందిన సిబ్బందితో సలహా కేంద్రాలు నడుపుతున్నాయి. విపరీతంగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్, మతిభ్రమణం, ఒక్కోసారి మరణం కూడా రావచ్చు. అలాంటప్పుడు ముందు కావాల్సింది ఆసుపత్రి. ఇక రెండో అభ్యంతరం: పనిచేసేది గుంపే, దేవుడు కాదు. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేర్పించే పద్ధతి పూర్తిగా మానేయించడంలో ఇతర చికిత్సల కన్నా మెరుగని తేల్చింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ మూలాలు లూథరన్ పాస్టర్ ఫ్రాంక్ బుక్‌మన్ నడిపిన క్రైస్తవ ఉద్యమంలో ఉన్నా, ఇది దేవుడికి రుజువు కాదని ఒప్పుకుంటాను. అయితే మళ్లీ తాగి, సిగ్గుతో తల దించుకుని వచ్చినవాడికి పదోసారి కూడా కుర్చీ వేయాలంటే ఆ గుంపుకు ఏదో ఒక నమ్మకం కావాలి. అర్హత లేకున్నా కృప దొరుకుతుందన్న బోధ ఆ నమ్మకాన్నిస్తుంది. పడినవాడిని వేలెత్తి చూపే సంఘంలో మాత్రం అదే మతం అతన్ని తిరిగి బెల్టుషాపుకు తోలుతుంది. నమ్మనివారి సంగతి? జర్మనీలో రెండు పెద్ద చర్చిల సభ్యులు ఇప్పుడు జనాభాలో సగం కన్నా తక్కువ, నీలి శిలువ లాంటి సంఘాలు నమ్మనివారినీ చేర్చుకుంటున్నాయి.

మన చర్చిలు సాక్ష్యాల వేదికతో ఆగకుండా, తాగేవారికీ వారి భార్యలకూ వారానికొక కూటం పెట్టాలి. దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం ఫోన్ నంబరు గోడమీద రాయాలి. డాక్టరిచ్చిన మందులు మానేయమని మాత్రం ఏ పాస్టరూ చెప్పకూడదు.