హాకీ ముందువరుస యువకులు

గోలు చేసిన యువకుని పేరు మరునాడు పత్రికలన్నిట మారుమ్రోగును. ఆ బంతిని వానికి అందించినవాని పేరు ఎవరికిని పట్టదు. ఫార్వర్డులనబడు ముందువరుస ఆటగాండ్రను పోల్చునపుడు మనము చేయు మొదటి పొరపాటిదియే.

1932లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలయందు మనవారు రెండు పోటీలలో 35 గోలులు చేసిరి. అందు 13 రూప్‌సింగువి, 12 ఆయన అన్న ధ్యాన్‌చందువి. ఇరువురును ముందువరుసవారే. 2024లో పారిస్ నగరమున మన జట్టు ఎనిమిది పోటీలలో 15 గోలులు చేసి కాంస్యపతకము గెలిచినది. అందు 10 వెనుకవరుసలో నిలుచు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగువి. ముందువరుసకు దక్కినవి నాలుగే: అభిషేక్ రెండు, మన్‌దీప్ సింగు ఒకటి, సుఖ్‌జీత్ సింగు ఒకటి.

ఇంతమాత్రమున నేటి యువకులు అసమర్థులనుట న్యాయము కాదు. నాడు పచ్చికపై ఐదుగురు ముందు నిలిచి ఆడెడివారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలతో కృత్రిమ మైదానము వచ్చి ఆటకు వేగము హెచ్చినది. నేటి ముందువరుసవాడు గోలు కొట్టుటయే కాక ప్రత్యర్థినుండి బంతిని లాగుకొనవలెను, పెనాల్టీ కార్నరును సంపాదింపవలెను. నాయకుని గోలుల వెనుక వీరి చెమటయు కలదు.

గుణములును భిన్నములు. అభిషేక్ వలయములో చిక్కిన క్షణమును వృథాపుచ్చక బంతిని కొట్టును. సుఖ్‌జీత్ ఇతరులు కొట్టిన బంతికి కర్ర తాకించి దారి మళ్ళించుటలో నేర్పరి. ఇంకను చిన్నవాడగు అరాయ్‌జీత్ సింగు హుందల్ పెనాల్టీ కార్నరును సైతము కొట్టగలడు. 2024 డిసెంబరులో మస్కట్ నగరమున జూనియర్ ఆసియా కప్పు తుదిపోరునందు పాకిస్థానును 5–3 గోలులతో ఓడించినపుడు నాలుగు గోలులు అతనివే. ఆ నాలుగింటిని అందరు నెరుగుదురు. ఐదవది దిల్‌రాజ్ సింగుదని ఎందరెరుగుదురు?

మేము కోరునది ఒక్కటియే. పారిస్‌లో జర్మనీతో ఆడిన సెమీఫైనలునందు 2–3 గోలులతో ఓడితిమి. మన రెండు గోలులును పెనాల్టీ కార్నరుల వలన వచ్చినవే. ఆట నడుచుచుండగా బంతిని గొనిపోయి సాధించిన గోలు ఒక్కటియు లేదు. 1980 మాస్కో తరువాత మనకు దక్కని స్వర్ణపతకము ఆ లోటుననే దాగియున్నది. కావున యువకులను ఎన్నుకొనువారు గోలులను మాత్రమే కాక, అందించిన బంతులను, సంపాదించిన కార్నరులను, మరల గైకొన్న బంతులను సైతము లెక్కింపవలెను. ఇరువది యేండ్ల బాలుని ఒక్క విజయముతో రెండవ ధ్యాన్‌చందనుట వానికి మేలుచేయుట కాదు. మోయలేని బరువు నెత్తిన పెట్టుట. వానిని వానిగనే ఎదుగనిండు.