చుట్కీకి ఆకలెయ్యదా?

దీపావళికి బోథ్ వచ్చిన మా పెద్దబావగారు, టీవీ ముందు అతుక్కుపోయిన పిల్లల్ని చూసి నిట్టూర్చారు. "గివ్వేం కార్టూన్లమ్మా! మా కాలంల టామ్ అండ్ జెర్రీ అంటే కార్టూన్. చేతితోని గీసేటోళ్లు. ఇప్పుడన్నీ కంప్యూటర్ బొమ్మలు, పానం లేదు." అందరూ అవునవునన్నారు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. చెప్పొద్దూ, నలభై దాటినా నాకు కార్టూన్ల పిచ్చి పోలేదు.

1993లో దూరదర్శన్‌లో జంగిల్ బుక్ వస్తుంటే, వాడకట్టులో టీవీ ఉన్న ఇంట్లో చాప మీద చోటు కోసం తన్నుకున్న తరం మాది. జపాన్ వాళ్లు 1989లో తీసిన ఆ బొమ్మలు హిందీలో మాట్లాడేవి. అయితేనేం, మోగ్లీ మా పోచెర జలపాతం పక్కనే ఎక్కడో ఉన్నాడనుకునేవాళ్లం. కనుక పాతవాటి మీద నాకు ప్రేమ లేదనకండి.

కానీ బావగారూ, కంప్యూటర్‌ను తిట్టేముందు ఒక్కమాట. టామ్ అండ్ జెర్రీని 1940లో మొదలుపెట్టింది హన్నా, బార్బెరాలు. ఆ బొమ్మలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. 1957లో స్టూడియో వాళ్లు కార్టూన్ల విభాగం మూసెయ్యగానే, ఆ ఇద్దరే టీవీ కోసం చవకగా బొమ్మలు తియ్యడం మొదలుపెట్టారు. 1958లో వచ్చిన యోగి ఎలుగుబంటి మెడకు కాలరెందుకో తెలుసా? కింది ఒళ్లు కదలకుండా ఉంచి, తలొక్కటే మళ్లీ మళ్లీ గీస్తే సరిపోతుందని! అప్పుడు కంప్యూటర్ ఎక్కడుంది? చేతులవే, డబ్బు తగ్గింది, అంతే. మరి 2019లో మన హైదరాబాద్ వాళ్లు కంప్యూటర్ మీదే చేసిన మైటీ లిటిల్ భీమ్‌ని చూడండి. పసివాడు ఒక్క మాటైనా మాట్లాడకుండా ఇల్లు పీకి పందిరేస్తుంటే, పానం లేదని ఎట్లా అంటారు?

నా కోపం వేరే. ఆ పాత టామ్ ఇంట్లో ఒక నల్లజాతి పనిమనిషి ఉండేది, గుర్తుందా? కాళ్లు, చెప్పులు, చీపురు కనిపిస్తాయి. ముఖం కనిపించదు. పిల్లీ ఎలుకా పగలగొట్టిన పింగాణీ అంతా ఎత్తిపోసేదెవరని చిన్నప్పుడు నేనూ ఆలోచించలేదు. రోజూ ఇల్లూడ్వడం నా వంతయ్యాక ఆలోచించాను.

2008లో హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ల ఛోటా భీమ్ వచ్చాడు. ధోతి కట్టిన మనవాడని సంతోషించాను. కష్టమొస్తే భీమ్‌కి లడ్డూ కావాలి. లడ్డూల దుకాణం టున్‌టున్ మౌసీది, అమ్మ కళ్లుగప్పి తెచ్చిచ్చేది కూతురు చుట్కీ. తిన్నవాడికి బలమొస్తుంది సరే, తెచ్చినదానికేమొస్తుంది? ఏమాటకామాటే, చుట్కీ పిరికిది కాదు. పోట్లాటలోకీ దిగుతుంది. అయినా ఆ లడ్డూ తనే తింటే బలం రాదా? కథ రాసేవాళ్లకు ఈ ప్రశ్నే తట్టలేదా? బొమ్మను చేత్తో గీశారా మిషనుతో గీశారా అని కొట్లాడుకుంటున్నాం గానీ, ఆ బొమ్మ చేతికి ఏమిచ్చారని అడిగేవాళ్లేరీ?

"కార్టూనే కదా, ఎందుకంత?" అంటారా? అయితే మా అరుగు మీదికి రండి. "నువ్వు చుట్కీవి, లడ్డూలు చెయ్యి" అని అన్న హుకుం. ఏడేళ్ల పిల్ల మట్టి తడిపి ఉండలు కట్టి వరసగా పేర్చింది. వాడు కట్టె పట్టుకుని రాక్షసుల మీదికి ఉరికాడు. అది పొద్దుగూకేదాకా ఆ ఉండల దగ్గరే కూచుంది. ఆటలోనూ వంటేనటమ్మా!

2000లో అమెరికాలో పుట్టి, ఖుషీ టీవీలో తెలుగు నేర్చిన డోరా ఉంది కదా. బొమ్మగా చూస్తే టామ్ అండ్ జెర్రీ కాలిగోటికి చాలదు. అడిగిందే అడుగుతుంది, నాకే విసుగు. కానీ సంచీ భుజాన వేసుకుని, మ్యాపు నడిగి, తన దారి తనే వెతుక్కుంటుంది. వెంట నడిచే కోతికి మనవాళ్లు బుజ్జి అని పేరు పెట్టారు. మర్నాడు పొద్దున్నే పాత బడి సంచీ ఒకటి దులిపి ఆ పిల్ల భుజానికి తగిలించి, "ఇయ్యాల నువ్వు డోరావి" అన్నాను.

వాడు మూతి ముడిచాడు. "మరి నేనేంది?"

"నువ్వు బుజ్జివి" అంది అది, సంచీ సర్దుకుంటూ. "లడ్డూలు పట్టుకొని నా ఎనక రా."