పార్కుకొచ్చేవారికి ఉన్న హామీ, పార్కు ఊడ్చేవారికి ఏది?

పహాడీ షరీఫ్ దాటి తుక్కుగూడ మీదుగా వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర రావిర్యాలలో వండర్‌లా ఉంటుంది. 2016లో మొదలైంది. వినోద ప్రదేశాల్లోకి కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. అంటే టికెట్ కొన్న దళితుడికి రాజ్యాంగ హామీ ఉంది. అదే పార్కులో పనిచేసే దళితుడి సంగతేమిటి? ఉద్యోగాల్లో సమానత్వం చెప్పే 16వ అధికరణం ప్రభుత్వ కొలువులకే పరిమితం. మేం ఏ ఒక్క పార్కునూ వేలెత్తి చూపడం లేదు. మా ప్రశ్న చట్టానికి, మొత్తం వినోద పరిశ్రమకు.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ జీతాల్లో, నియామకాల్లో లింగ వివక్షను నిషేధించింది, మంచిదే. కులం మాట మాత్రం అందులో లేదు. వృత్తి భద్రత కోడ్ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదంటూనే పారిశుధ్యం, సెక్యూరిటీ, క్యాంటీన్, తోటపనిని ఆ ప్రధాన పనుల లెక్క నుంచి తీసేసింది. మరుగుదొడ్లు కడగకపోతే ఏ పార్కూ ఒక్క పూట నడవదు. అయినా చట్టం దృష్టిలో అది పక్క పని.

ఆ పక్క పనుల్లో ఎవరుంటారో మనకు తెలుసు. కేంద్రం నమస్తే పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన మురుగు కాల్వల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో సుమారు 69 శాతం దళితులే. కంపెనీ హెచ్‌ఆర్ గోడ మీద అంటించే 'అందరినీ కలుపుకుపోదాం' పోస్టరు కాంట్రాక్టరు మస్టర్ దాకా వెళ్లదు.

అవమానం జరిగితే అట్రాసిటీ చట్టం ఉంది కదా అంటారు. కానీ కులదూషణ జనం చూసే చోట జరగాలన్నది సెక్షన్ 3(1)(ఆర్) షరతు. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు తిడితే అది వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాఫ్ రూమ్‌లో, సూపర్‌వైజర్ గదిలో జరిగేదానికి సాక్షి ఎవరు?

దారి లేకపోలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కాంట్రాక్టు కార్మికులనూ ఉద్యోగులుగానే చూస్తుంది. పదిమంది ఉన్న ప్రతి చోటా కమిటీ పెట్టమంటుంది. కులానికీ అలాంటి కమిటీ ఎందుకు ఉండకూడదు? తెలుగువాళ్లు ఎక్కువగా పనిచేసే సియాటిల్ నగరం 2023లోనే కులవివక్షను నిషేధించింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ కాదా?

మా డిమాండ్లు నాలుగు. సర్వీసు నిబంధనల్లో కులం పేరు రాయాలి. ఫిర్యాదుల కమిటీలో దళిత సభ్యులు ఉండాలి, కాంట్రాక్టు కార్మికులకూ అది అందుబాటులో ఉండాలి. భోజనాల గది, నీళ్లు, బట్టలు మార్చుకునే గది అందరికీ ఒక్కటే కావాలి. ఊడ్చే పని నుంచి రైడ్ ఆపరేటర్‌గా ఎదగడానికి శిక్షణ, ప్రమోషన్ ఇవ్వాలి.

క్యాంపస్‌కు కంపెనీలొచ్చినప్పుడు విద్యార్థులు ప్యాకేజీతోపాటు ఈ నాలుగూ అడగాలి. సంఘాలు కార్మిక శాఖకు వినతిపత్రాలివ్వాలి. అడగందే ఏ యాజమాన్యమూ ఇవ్వదు.