నలుపులో ఏ నలుపు?



వార్షికోత్సవ సంచికలో చదువుల గురించీ లక్ష్యాల గురించీ చాలామంది రాస్తారు. నేను బండి పార్టులకు వేసే నల్ల పౌడర్ కోటింగ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. కెమిస్ట్రీలో పీజీ చేస్తున్న నాకు ఈ సంగతి మొదట నేర్పింది క్లాసు కాదు, డిగ్రీ వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో చేసిన కూలిపని.

పని మానేసే రోజున నాన్న పాత బండి లెగ్ గార్డు, స్టాండు విప్పి తెచ్చి, షాపులో మిగిలిన మ్యాట్ బ్లాక్ పౌడరు వేయించాను. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే లెగ్ గార్డు సుద్ద రాసినట్టు తెల్లబడింది. "ఎండ మనకు అలవాటేగానీ నీ రంగుకు అలవాటు లేదురా" అన్నాడు నాన్న. అది ఎపాక్సీ పౌడరు. లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తుప్పును ఆపుతుంది, కానీ ఎండకు పైపొర సుద్దవుతుంది. ఎండలో తిరిగే బండికి పాలిస్టర్ పౌడరు కావాలి. ఆ మాట అట్టపెట్టె మీద ఇంగ్లీషులో రాసే ఉంది. ఆ షాపులో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ చదవలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: ముందు పౌడరు రకం అడగండి, మెరుపు సంగతి తర్వాత. గ్లాసీ నలుపు తుడిస్తే శుభ్రపడుతుంది, కానీ చిన్న గీత కూడా కనబడుతుంది. మ్యాట్ మీద చేతి జిడ్డు, ఆయిల్ మరకలు తేలతాయి. గట్టిగా రుద్దితే అక్కడక్కడ మెరుపు వస్తుంది. గరుకు టెక్స్చర్ పోత లోపాలను దాస్తుంది, కానీ బురదను పట్టి ఉంచుతుంది. నన్నడిగితే చక్రాలకు గ్లాసీ, ఇంజన్ కవరుకు సెమీ గ్లాసీ, కాలు రాసుకునే స్టాండుకు టెక్స్చర్ అంటాను. సైలెన్సరు వేడికి మామూలు పౌడరు నిలవదు, దానికి సిలికోన్ రకం వేరే ఉంది.

ఏ నలుపైనా కింది పని సరిగా ఉంటేనే నిలుస్తుంది. మన ట్రంకు పెట్టెల తుప్పు మీద రంగు పూస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే. జిడ్డు కడగాలి, ఇసుక బ్లాస్టింగ్‌తో తుప్పు తీయాలి, మరలకూ ఛాసిస్ నంబరుకూ వేడికి ఆగే టేపు వేయాలి. ఆ తర్వాతే గన్నుతో చల్లి, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి.

ఇక అసలు విషయం. ఆ గన్ను పట్టుకునేది మనలాంటి ఇళ్ళ కుర్రాళ్ళే. నేను పనిచేసిన చోట మాస్కు లేదు, మూతికి కర్చీఫే. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వచ్చేది. కొన్ని పాలిస్టర్ పౌడర్లలో టీజీఐసీ అనే పదార్థం ఉంటుంది. అది జన్యుకణాలకు హాని చేయగలదని ఐరోపాలో ప్రమాదకర జాబితాలో చేర్చారు. అది లేని పాలిస్టర్ పౌడర్లూ ఉన్నాయి. కాబట్టి పెట్టె మీద ఆ పేరు కూడా చూడండి. షాపు యజమానిని మాస్కు గురించి అడగండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా మాస్కు ఇచ్చే షాపుకే పని ఇవ్వండి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది అలాంటివాళ్ళే. చదువు పరీక్షకే కాదు, అట్టపెట్టె మీది అక్షరాలకు కూడా. మనం చదివి, గన్ను పట్టిన తమ్ముడికి తెలుగులో చెప్పాలి. ఆ రోజు నేను చేయనిది మీరు చేయండి.