బుంకసాయి వేదికకు ఏ పాట?

జపానులోని ఉన్నత పాఠశాలల్లో ఏటా జరిగే సాంస్కృతికోత్సవాన్ని బుంకసాయి అంటారు. ఎక్కువచోట్ల అది శరదృతువులో వస్తుంది. తరగతి గదులు ఒకటి రెండు రోజుల పాటు ఫలహారశాలలుగానో దయ్యాల కొంపలుగానో మారిపోతాయి. వ్యాయామశాలలో వేదిక కడతారు. ఆ వేదిక మీదికి కేయోన్‌బు అనే సంఘం పిల్లలు గిటార్లతో, డ్రమ్ములతో ఎక్కుతారు. కేయోన్ అంటే మాటకు మాటగా లలిత సంగీతమే. మన ఆకాశవాణి లలిత సంగీతాన్ని ఊహించుకొని వెళ్ళిన పెద్దమనిషి మాత్రం మొదటి దెబ్బకే చెవులు మూసుకోవలసి వస్తుంది!

ఒక జట్టుకు దొరికేది కొద్ది నిమిషాలు. రెండు పాటలో మూడు పాటలో పడతాయి. ఆ మూడింటిని ఎంచుకోవడంలో స్నేహాలు చెడిపోయేటంత వాదులాట జరుగుతుంది. పెద్దలకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఉన్నత పాఠశాల మూడేళ్ళే, మూడో ఏడు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షల ఏడు. కనుక రెండో ఏటి ఉత్సవమే చాలామందికి మనసుపెట్టి వేదికెక్కే చివరి అవకాశం.

నా అభిప్రాయం ఇది. పాటను ఎంచుకోవలసింది వినేవారి మోజును బట్టి కాదు, గిటారు వాయించే పిల్ల నైపుణ్యాన్ని బట్టీ కాదు. జట్టులో అందరికన్నా ఆలస్యంగా వాద్యం పట్టిన చేతిని బట్టి ఎంచుకోవాలి.

ఈ గొడవ నాకెందుకు పట్టిందంటే, మా మనవరాలు అక్కడి ఒక పాఠశాలలో రెండో ఏడు చదువుతోంది. నలుగురు ఆడపిల్లల జట్టులో తాను గాయని. డ్రమ్ములు వాయించే అమ్మాయి ఈ ఏప్రిల్లోనే కర్రలు పట్టింది. గిటారు పిల్ల మాత్రం "గాడ్ నోస్" తప్ప మరొకటి వాయించనంటుందట. "అది లేకపోతే ఎవరూ చప్పట్లు కొట్టరంటోంది తాతయ్యా" అని ఫోనులో మొరపెట్టుకుంది.

ఆ పాట 2006లో ప్రసారమైన "సుజుమియ హరుహి" యానిమేలోది. అందులోనూ బుంకసాయి వేదికే. అసలు వాద్యబృందంలో ఇద్దరు రాలేకపోతే హరుహి గాయనిగా, నగతో అనే పిల్ల గిటారుతో నిలబడి కచేరీ నిలబెడతారు. పాట గొప్పదే, కాదనను. కాని దాన్ని అనుకరించబోయే పిల్లలు మరచిపోయేదేమంటే, అంత వేగంగా గిటారు వాయించిన ఆ నగతో కథ ప్రకారం మనిషే కాదు, విశ్వాంతరాళంలోని ఒక శక్తి సృష్టించి పంపిన బొమ్మ. మనుష్యమాత్రులకు, అందులోనూ ఆరు నెలల డ్రమ్ముల అభ్యాసానికి, అది తగదు.

దీనికి ఎదురుగా మరొక కల్పనను నిలబెడతాను. యమషిత నొబుహిరొ దర్శకత్వంలో 2005లో వచ్చిన "లిండా లిండా లిండా" చలనచిత్రం. ఉత్సవం మూడు రోజులుందనగా గిటారు వాయించే అమ్మాయి వేలికి దెబ్బ తగిలి ఉంది, గాయని తగవుపడి వెళ్ళిపోయింది. అప్పుడు వారికి ఒక క్యాసెట్టు దొరుకుతుంది. అందులో బ్లూ హార్ట్స్ బృందం పాటలున్నాయి. ఆ పాటలే తీసుకుంటారు. పాడడానికి ఒక కొరియా విద్యార్థినిని చేర్చుకుంటారు. ఆ పాత్రను బే డూనా పోషించింది. వారు ఆ పాటల దగ్గర ఆగింది లోకం మెచ్చుతుందని కాదు, మూడు రోజుల్లో తమ చేతులకు లొంగేవి కనుక. కథలోని ఇంగితమంతా అక్కడే ఉందని నా భావన. (ఆ సినిమా పేరు మీదుగానే అమెరికాలోని లాస్ ఏంజలిస్‌లో నలుగురు ఆడపిల్లలు "ది లిండా లిండాస్" అని బృందం పెట్టుకున్నారు. 2021లో ఒక గ్రంథాలయంలో వాయించి లోకమంతటా పేరు తెచ్చుకున్నారు.)

బ్లూ హార్ట్స్ వారి "లిండా లిండా" 1987 నాటిది. నేటి విద్యార్థులు పుట్టకముందే, 1995లో, ఆ బృందం విడిపోయింది. అయినా పాట బ్రతికే ఉంది. మురుగుకాలువ ఎలుక అందాన్ని కోరుకునే కవిత్వం అది. మన ప్రబంధ నాయికలకు ఇలాంటి ఉపమానం ఎవరూ వాడిన గుర్తు లేదు. పల్లవిలో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. గొంతు బాగున్నా లేకున్నా చాలు, ఊపిరి ఉండాలి. తెలిసిన పాట కావాలని పట్టుపట్టేవారికి కూడా ఇదే నా సమాధానం: ఉత్సవానికి వచ్చే తల్లిదండ్రులకు సైతం తెలిసినది, కొత్త చేతికి అందేది ఒక్కటే పాట కావడం అసాధ్యమేమీ కాదు.

ఇక మాట సంగతి. తెలుగు పండితుణ్ణి కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, మిత్రులు మన్నించాలి. జపాను భాషలో లెక్క మాత్రలది. దానిని వారు హకు అంటారు. టోక్యో వారికి నాలుగు మాత్రలు. మన లెక్కలో రెండు గురువులు, అంటే నాలుగే! నిప్పొన్ అన్నా అంతే. ద్విత్వానికి ముందున్న ని గురువు, పొల్లుతో కూడిన పొన్ గురువు. వారూ నాలుగే లెక్కిస్తారు. ఒబసన్ అంటే పిన్ని వంటి బంధువు, ఒబాసన్ అంటే బామ్మ. హ్రస్వదీర్ఘాల భేదం ఉగ్గుపాలతో వచ్చిన మన పిల్లలకు ఇందులో ఇబ్బంది ఉండదు. మా మనవరాలి ఉచ్చారణను అక్కడివారు మెచ్చుకుంటారంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఈ మాత్రలు రాక్ తాళంలో ఇముడుతాయా అన్న వాదం ఒకప్పుడు అక్కడ పెద్దగా జరిగింది. 1970, 71లలో ఉచిద యూయ మొదలైనవారు రాక్ అంటే ఆంగ్లంలోనే పాడాలన్నారు. హప్పీ ఎండో బృందం కాదని జపాను భాషలోనే పాడింది. ఆ బృందంలో డ్రమ్ములు వాయిస్తూ పాటలు రాసిన మత్సుమొతొ తకషి తరువాత ఆ దేశపు ప్రముఖ గీత రచయితల్లో ఒకడయ్యాడు. గిడుగువారి కాలపు మన భాషావివాదం తెలిసినవారికి దీని రుచి వేరే చెప్పనక్కరలేదు. గెలిచిందెవరో నేటి బుంకసాయిలే చెబుతున్నాయి.

పిల్లలకు దీనితో పనేమిటంటారా? వ్యాయామశాల గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, డ్రమ్ములు గొంతును మింగేస్తాయి. కొత్త పాటలు కొన్నింటిలో ఒక్క ఊపిరిలో చెప్పలేనన్ని మాత్రలు కుక్కి ఉంటాయి. 2023 నాటి యోఅసొబి వారి "ఐడొల్" అలాంటిది. రికార్డింగు గదిలో అది అద్భుతం. వ్యాయామశాలలో వెనుక వరుసకు చేరేది గలగల ధ్వని మాత్రమే. మాటకు చోటున్న పాట కావాలి. ఒకినావా బృందం మొంగోల్ 800 వారి 2001 నాటి "చీసనా కోయ్ నో ఉతా" అటువంటిది. పేరుకు అర్థం చిన్న ప్రేమ పాట. అప్పట్లో వాయించినవారు ముగ్గురే, వారూ పాఠశాలలో చదువుతుండగానే బృందం కట్టినవారే.

పరుల పాటలు వాయించే జట్టును వారు కాపీ బ్యాండ్ అనే పిలుస్తారు, ఆ మాటలో నింద లేదు. పూర్వకవుల పద్యాలు కంఠస్థం చేయకుండా పద్యం అల్లినవాణ్ణి నేనెరుగను, కనుక నాకూ నింద కనిపించదు. జపాను కాపీహక్కుల చట్టం 38వ నిబంధన కూడా రుసుము పుచ్చుకోకుండా, లాభాపేక్ష లేకుండా, కళాకారులకు పారితోషికం ఇవ్వకుండా చేసే ప్రదర్శనకు అనుమతి అక్కరలేదంటుంది. ఆ వెసులుబాటు వేదిక వరకే. చిత్రీకరించి ఇంటర్నెట్టులో పెట్టడం వేరే లెక్క. తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

పాటలను ఉపాధ్యాయులే ఎంచి ఇస్తే తగవు ఉండదు కదా అని ఒక మిత్రుడన్నాడు. మన పాఠశాల వార్షికోత్సవాల్లో జరిగేది అదే. నాకిది సమ్మతం కాదు. అసభ్యమైన మాట ఉంటే అడ్డుచెప్పే హక్కు పెద్దలకుంది, అంతవరకే. ఎవరి చేయి ఎంతవరకు వెళ్ళగలదో నలుగురూ ఒకరి ఎదుట ఒకరు ఒప్పుకోవడం పాటకన్నా కష్టమైన అభ్యాసం. దాన్ని వారి చేతుల్లోంచి లాక్కోకూడదు.

మనవరాలితో ఇంతే అన్నాను. మొదటి పాట డ్రమ్ములమ్మాయి కళ్ళు మూసుకొని వాయించగలిగినది కావాలి, భయం పోవడానికి. గిటారు పిల్ల ముచ్చట రెండోదానిలో తీర్చండి. "గాడ్ నోస్" కాకపోయినా ఆమె వేళ్ళకు పని ఉన్న పాటలు చాలా ఉన్నాయి. మూడోది "లిండా లిండా". అప్పటికి ఎవరి తీగ తెగినా, ఎవరి గొంతు బొంగురుపోయినా, జనమే పాడి పూర్తి చేస్తారు. రెండో పాట ఏదన్నది మాత్రం ఇంకా తేలలేదట. నిన్న మళ్ళీ మాటలు మానేసుకున్నారని వాళ్ళమ్మ చెప్పింది.