రచ్చబండపై ఆడుబిడ్డకు చోటు

మన భాషలో ‘రచ్చ’ యను మాటకు రెండు గతులు పట్టినవి. ఊరి మంచిచెడ్డలను నలుగురు గూడి విచారించు తావు రచ్చ. అచటి అరుగు రచ్చబండ. ‘ఇంట గెలిచి రచ్చ గెలువుము’ అని పెద్దలు మగపిల్లలకు బోధింతురు. కాని ఒక స్త్రీ ‘రచ్చకెక్కినది’ అన్నచో అది నిందావాక్యము. తావు ఒక్కటే, ఎక్కినవారినిబట్టి ఒకచో మర్యాద, మరియొకచో అపవాదు. ఈ వారము సంఘబంధువులకు నేను విన్నవింపదలచినది ఈ భేదమును గూర్చియే. మన ఆడుబిడ్డలను రచ్చబండకు దూరముగా నుంచినంతకాలము, పుదుచ్చేరి ప్రాంతమున అల్పసంఖ్యాకులమైన మనకు బాగుపడు మార్గము లేదని నా దృఢాభిప్రాయము.

2023వ సంవత్సరము జనవరి 18వ తేదీన, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మేరీలాండు రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరుగా అరుణా మిల్లరు అను తెలుగు వనిత భగవద్గీతపై చేయి యుంచి ప్రమాణము చేసినది. ఆమె కాట్రగడ్డవారి యింటి బిడ్డ. 1964లో హైదరాబాదున జన్మించినది. వలస వచ్చినవారిలో ఆ రాష్ట్రమున ఆ పదవిని పొందిన ప్రథమ వ్యక్తి ఆమెయే. ఆ వార్త వచ్చిననాడు ‘మన తెలుగుబిడ్డ’ యని మనమందరము పొంగిపోతిమి. పొంగుట తప్పు కాదు. కాని పొంగు చల్లారిన పిదప ఆమె ఆ మెట్టునకు ఏ దారిని చేరినదని విచారించినవారు ఎందరు?

ఇచట ఒక మాట స్పష్టము చేయవలెను. మన పుదుచ్చేరిలోని లెఫ్టినెంటు గవర్నరును రాష్ట్రపతి నియమించును. మేరీలాండులో అట్లు కాదు. గవర్నరుతోగూడ ప్రజలే ఓటు వేసి యెన్నుకొందురు. కనుక అది ఒకరు దయచేసి యిచ్చిన పదవి కాదు. లక్షలాది పరదేశీయుల నమ్మకమును సంపాదించి గెలుచుకొన్నది.

ఆమె తలిదండ్రులు ముందుగా అమెరికాకు వెడలిపోగా, చిన్నతనమున ఆమె అమ్మమ్మ చెంత పెరిగినది. 1972లో, ఏడేండ్ల ప్రాయమున, తండ్రి ఆమెను న్యూయార్కు రాష్ట్రమునకు తీసికొనిపోయెను. ఆ దినమున అచట మంచు కురియుచుండెను. మంచు నెన్నడు నెరుగని ఆ పసిది, తన రాకకు సంతోషించి జనులు రంగుకాగితపు ముక్కలు చల్లుచున్నారని తలచెనట. ఈ ముచ్చటను ఆమెయే సభలలో చెప్పియున్నది. పెద్దదై మిస్సోరీ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున సివిలు ఇంజనీరింగు చదివి 1989లో పట్టము పొందినది. పిమ్మట మేరీలాండు చేరి, మన జిల్లావంటిదైన మాంట్‌గోమరీ కౌంటీలో రహదారుల శాఖయందు ఉద్యోగిని యైనది.

ఆ శాఖలో ఆమె చేసిన సేవ ఇరువదియైదు సంవత్సరములు. పిల్లలు బడికి నిర్భయముగా నడచిపోవుటకు ఏ దారి వేయవలెను, బస్సు దిగిన కూలిమనిషి పనిచోటికి ఎట్లు చేరవలెను, అంగవిహీనుడు వీథి నెట్లు దాటవలెను – ఇట్టివి ఆమె నిత్యకృత్యములు. పత్రికలలో బొమ్మ పడు పనులు కావివి. అయినను ప్రజాసేవ యనగా మొదట ఇదియే. వీథి దాటు పిల్లకు భాష లేదు, కులము లేదు, పార్టీ లేదు. దాటుటకు దారి మాత్రము కావలెను.

ఆమెకు అమెరికా పౌరసత్వము 2000లో లభించినది. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనది. 2011 మొదలు 2019 వరకు ఎనిమిదేండ్లు సభ్యురాలుగా నుండెను. 2018లో జాతీయ కాంగ్రెసునకు పోటీచేయదలచి, తన పార్టీలోని ప్రాథమిక ఎన్నికలోనే డేవిడ్ ట్రోను అనునతని చేతిలో ఓడిపోయినది. ఓడినందున ఇల్లు చేరి తలుపు వేసికొనలేదు. 2022లో వెస్ మూరు గవర్నరు పదవికి నిలిచినప్పుడు ఆయనతోగూడ నిలిచి గెలిచినది.

వర్తకులము గనుక ఈ లెక్కను ఒకసారి ఖాతా కట్టి చూతము. దేశము చేరిన పిదప పౌరసత్వమునకు ఇరువదియెనిమిది యేండ్లు; మొదటి ఎన్నికకు ముప్పదియెనిమిది; లెఫ్టినెంటు గవర్నరు పదవికి ఏబది. నేడు పెట్టుబడి పెట్టి రేపు లాభము నడుగువానికి ఈ వ్యాపారము పనికిరాదు. మనమో, పదవి వచ్చిన దినమును మాత్రమే చూచి చప్పట్లు కొట్టుచున్నాము. ఇరువదియైదేండ్ల రహదారుల కొలువును చూచుటలేదు.

రెండవ సంగతి యింతకంటె ముఖ్యము. మేరీలాండులో తెలుగువారి ఓట్లు ఎన్ని? అవి మాత్రమే నమ్ముకొన్నచో ఆమె ఒక చిన్న ఎన్నికయందైనను గెలిచెడిది కాదు. అల్పసంఖ్యాకుల యింట పుట్టినవారు తమవారి కొరకు మాత్రమే పాటుపడినచో తమవారికి సయితము ఉపయోగపడలేరు. ఊరందరి కొరకు పాటుపడినచో ఊరందరిలో తమవారికిని గౌరవము కలుగును. మిషిగాన్ రాష్ట్రమున శాసనసభ్యురాలుగా 2019 మొదలు 2022 వరకు నుండిన పద్మ కుప్ప విషయమును ఇట్టిదే. వరంగల్లు ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఆమె, ట్రాయి నగరమున వివిధ మతములవారిని ఒకచోట కూర్చుండబెట్టు పనియందు పాటుపడి, ఆ నగరపు ప్రణాళికా సంఘమున సభ్యురాలై, ఆ తరువాతనే శాసనసభ మెట్లెక్కినది.

ఇది తెలుగువారికి మాత్రమే చెల్లు నీతి కాదు. ఫ్రెంచి భాష నెరిగిన మన వృద్ధులు హైతీ దేశమును వినియుందురు. ఒకప్పుడు మన యానామువలెనే అదియు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను; 1804లో నల్లజాతివారు పోరాడి స్వతంత్రము గొన్న నేల. అచటి రాజధానియందు 1957లో జన్మించిన మిషెల్ జాన్ అను వనిత, నియంతృత్వమునకు వెరచి పారిపోయిన కుటుంబముతో 1968లో కెనడా చేరినది. విద్యార్థినిగా నున్నప్పుడే, భర్తలచేత దెబ్బలు తిని వీథిని పడిన స్త్రీలకు ఆశ్రయమిచ్చు గృహములలో ఏండ్ల తరబడి పనిచేసినది. పిమ్మట పత్రికా రచయిత్రి యైనది. 2005లో కెనడాకు గవర్నరు జనరలై 2010 వరకు ఆ పదవిలో నుండెను. అనంతరము 2015 మొదలు 2019 వరకు ఫ్రెంచి భాషా దేశముల కూటమికి ప్రధాన కార్యదర్శి; ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ. దెబ్బతిన్న స్త్రీకి తలుపు తెరచిన చేతులే తరువాత ఒక దేశపు అధికారముద్రను పట్టుకొన్నవి. మార్గము అదే: ముందు సేవ, పిదప పదవి.

ఇక మన యింటిని చూచుకొందము. పుదుచ్చేరి రాజనివాసమున చంద్రావతి, రాజేంద్రకుమారీ బాజ్‌పాయ్, రజనీ రాయ్, కిరణ్ బేడీ, తమిళిసై సౌందరరాజన్ వంటి స్త్రీలు లెఫ్టినెంటు గవర్నర్లుగా నుండిరి. మేడపైన స్త్రీలు కానవచ్చిరి. మరి మెట్లపైన? పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికైన సభ్యుల స్థానములు ముప్పది. అందు యానామునకు ఒక్కటి. 1964 మొదలు 2021 వరకు జరిగిన ఎన్నికలలో ఆ యొక్క స్థానమును ఒక స్త్రీయైనను గెలువలేదు.

అంతకంటె క్రింది మెట్టు పురపాలక సంఘము. ఫ్రెంచివారి కాలమున 1880లోనే ఏర్పడిన వ్యవస్థ యది. అట్టిది 1968లో ఎన్నికలు జరిగిన పిదప, ముప్పదియెనిమిది సంవత్సరములు గడచి 2006లోగాని మరల జరుగలేదు. ఆ సంఘముల గడువు 2011లో తీరినది. 2021లో జరుపనెంచిన ఎన్నికలు నిలిచిపోయినవి. 1992 నాటి రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించినవి. కాని ఎన్నికయే లేనిచోట కేటాయింపు దేనికి? పొయ్యి వెలిగింపక విస్తరి వేసినట్లున్నది. ఇందువలన ఎక్కువగా నష్టపోయినది ఆడుబిడ్డలే. వార్డు సభ్యురాలై కుళాయి, దీపము, మురుగుకాలువ విచారించి అనుభవము గడింపవలసిన వయస్సు వారికి వృథాగా గడచిపోయినది.

కొందరు పెద్దలు చేయు ఆక్షేపణలను నేనెరుగుదును. ‘ఆమె ఎక్కడనో పరదేశమున నున్నది, పరజాతివానిని పెండ్లాడినది, మనకేమి?’ అని ఒకరందురు. మా దరియాలతిప్పకు కొలదిదూరముననే కోరంగి యున్నది. అచటి రేవునుండి ఓడలెక్కిన మనవారిని బర్మాలోను మారిషసులోను ‘కోరంగీలు’ అని పిలిచిరి, ఊరిపేరే జాతిపేరైనది. వలస మనకు పరాయి కథ కాదు. వలసపోయినవారి బిడ్డలు అచటి ప్రజలకు సేవచేసి మన్నన పొందినచో, తరతరములుగా ఇక్కడనే పాతుకొన్న మనము మరెంత చేయవలసియున్నది!

‘స్త్రీ వీథిని పడినచో ఇల్లు చెడును’ అని వేరొకరందురు. మా తిప్పలో చేపలమ్ము స్త్రీలను చూడుడు. తెల్లవారకమునుపే గంప నెత్తికెత్తుకొని, వేలమునకు నిలిచి, బేరమాడి, అప్పు తీర్చి, పిల్లలను బడికి పంపుచున్నారు. అక్షరము రాకపోయినను వారి నోటిలెక్కకు నా కొట్టులోని గుమాస్తా సయితము తలవంచును. వీరు వీథిని పడుటవలన ఇండ్లు చెడలేదు, నిలిచినవి. సంతకు తగిన స్త్రీ సభకు తగదనుట ఏ న్యాయము? పరదేశపు పదవిని పొగడి, పక్కయింటి పడతి పలుకగా విననివారికి ‘పొరుగింటి పుల్లకూర రుచి’ యను సామెత చక్కగా సరిపోవును.

కావున సంఘసభ్యుల విచారణకై నాలుగు మాటలు ప్రతిపాదించుచున్నాను.

మొదటిది: సంఘ కార్యవర్గమున ముగ్గురికి ఒకరు చొప్పున స్త్రీలుండవలెను. సంక్రాంతి ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతలుగా మాత్రము కాదు. కోశాధికారి బీరువా తాళపుచెవి వారి చేతికి రావలెను, తీర్మానములపై వారి ఓటు పడవలెను.

రెండవది: ప్రతి పేటలోను చదువుకొన్న ఒక యువతి వారమునకొక దినము అర్జీలు వ్రాసిపెట్టు బల్లకడ కూర్చుండవలెను. వితంతు పింఛను, రేషను కార్డు, బడి ధ్రువపత్రము – ఎవరు ఏ పనికి వచ్చినను, తెలుగువారైనను కాకున్నను, వ్రాసిపెట్టవలెను. ఏ అర్జీ ఎప్పుడు పోయినది, ఏమైనదన్నది ఒక పుస్తకమున నమోదు కావలెను. ఆ పుస్తకమే ఆమెకు రాజకీయ పాఠశాల.

మూడవది: 1965 నాటి అధికార భాషా చట్టము యానామున తెలుగు వాడుకకు తావిచ్చినది. ఆ హక్కును కాపాడుకొనవలెను. కాని పుదుచ్చేరి కచేరీలలో పని నెరవేరుటకు తమిళమును కావలెను. మన ఆడుపిల్లలకు తల్లిభాషతోపాటు పొరుగువారి భాషను సయితము నేర్పుదము. పొరుగువాని భాషలో వాని కష్టమును వినగలిగినవారినే పొరుగువాడు తన ప్రతినిధిగా నమ్మును.

నాలుగవది: పురపాలక ఎన్నికలు నియమిత కాలమున జరుగవలెనని సంఘము ప్రభుత్వమునకు విజ్ఞాపన పంపవలెను. అందు మొదటి సంతకములు స్త్రీలవి కావలెను.

ఈ నాలుగింటికిని చందాలు పోగుచేయవలసిన పని లేదు. పురుషులమైన మనము సభలలో కొన్ని కుర్చీలు ఖాళీచేసిన చాలును. ధనమిచ్చుటకంటె కుర్చీ నిచ్చుట కష్టమని నేనెరుగుదును. అందుకే దీనిని బహిరంగముగా వ్రాయుచున్నాను. రాబోవు సర్వసభ్య సమావేశమున మొదటి ప్రతిపాదనను తీర్మానరూపమున ప్రవేశపెట్టదలచినాను. అనుకూలురు బలపరతురుగాక, ప్రతికూలురు లేచి కారణములు చెప్పుదురుగాక. అయితే ఒక మనవి. ఆనాడు ప్రతి సభ్యుడును తన యింటి ఆడువారిని వెంటబెట్టుకొని రావలెను. వారిని గూర్చిన తీర్మానము వారు లేని సభలో జరుగుట న్యాయము కాదు.